ఉల్స్‌రుడ్ చేతిలో రాయి

మే నెల వస్తే గంగమ్మ జాతరకు తిరుపతిలోని మా అత్తవారింటికి వెళ్తాం. జాతర ముగిసి, చిత్తూరుకు తిరిగి వచ్చి, మళ్ళీ పనిలో పడే రోజుల్లో ప్రతి ఏడాదీ నాకు ఒక మనిషి గుర్తుకు వస్తాడు. ఆయన పేరు థామస్ ఉల్స్‌రుడ్. నార్వే దేశపు కర్లింగ్ ఆటగాడు. కర్లింగ్ అంటే మంచు మీద రాళ్ళను జారవిడిచి ఆడే ఆట. 2022 మే 24న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 50. నేనూ ఆయన పుట్టిన 1971లోనే పుట్టాను. ఆయనను కలవలేదు, ఆయన దేశం చూడలేదు, గడ్డకట్టిన నీటి మీద ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఆయన ఆడిన మ్యాచ్‌ల రికార్డింగులు మాత్రం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. రాళ్ళ మధ్య బతికేవాడిగా ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను చిత్తూరు శివారులోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. కుప్పం వైపు క్వారీల నుంచి బ్లాకులు వస్తాయి. వాటిని కోసి, పాలిష్ పట్టి, స్లాబులుగా పంపుతాం. ప్రతి స్లాబునూ చూసి, ఇది లారీ ఎక్కించవచ్చు, దీన్ని పక్కన పెట్టండి అని చెప్పడం నా వంతు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చి మిషన్లన్నీ ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళకు పైగా రంపం మోతకు అలవాటు పడిన చెవులకు ఆ నిశ్శబ్దం సహించలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. హాస్టల్ మూసేయడంతో తిరుపతి నుంచి ఇంటికి వచ్చేసిన మా అమ్మాయి ఒక రాత్రి తన ఫోను నా ముందు పెట్టి, "నాన్నా, ఇది చూడు. వీళ్ళు గ్రానైట్‌తో ఆడుతున్నారు" అంది.

చూశాను. ముందు నా కళ్ళు ఆటగాళ్ళ మీదికి పోలేదు, రాయి మీదికే పోయాయి. ఒక్కొక్కటి 20 కిలోలకు కాస్త తక్కువ. మా లెక్కలో చెప్పాలంటే 20 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబు నాలుగు చదరపు అడుగులు ఎంత బరువో అంత. దాన్ని గుండ్రంగా చెక్కి, పైన పిడి బిగించి, మంచు మీద మెత్తగా జారవిడుస్తున్నారు. అది 40 మీటర్ల దూరం సాగిపోయి, చివర్లో మెల్లగా పక్కకు వంపు తిరిగి, వాళ్ళు అనుకున్న చోట ఆగుతోంది. ఇన్నేళ్ళలో రాయి పగలడం చూశాను, చిట్లడం చూశాను, క్రేన్ తాడుకు వేలాడడం చూశాను. అంత సున్నితంగా నడవడం ఎప్పుడూ చూడలేదు.

ఆ రాయి ఎక్కడిదో తెలుసుకునే దాకా నేను ఊరుకోలేదు. స్కాట్లాండ్ తీరానికి దగ్గరలో సముద్రం మధ్య ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ మనుషులు కాపురం ఉండరు, అది పక్షుల స్థావరం. ఒలింపిక్స్‌లో వాడే రాళ్ళు ఆ దీవి గ్రానైట్‌తోనే తయారవుతాయి. దానిలో రెండు రకాలు వాడతారు. కామన్ గ్రీన్ అనే రకం దెబ్బకు తట్టుకుంటుంది కాబట్టి రాయి ఒడలంతా దానితో చేస్తారు. మంచును తాకే అడుగు భాగానికి బ్లూ హోన్ అనే రకాన్ని పొదుగుతారు. దాని రవ్వ ఎంత సన్నం అంటే నీళ్ళు దాదాపు లోపలికి పోవు. ఇదే అసలు కీలకం. రాతిలోకి నీరు ఇంకి, అది గడ్డకట్టి ఉబ్బిందంటే రాయి పెచ్చులు లేచిపోతుంది. వాన నీళ్ళు పీల్చే రాయిని మేము బయటి మెట్లకు ఇవ్వకపోవడానికి కారణం కూడా నీరు పీల్చే ఆ గుణమే. ఇంకొక సంగతి, రాయి అడుగు చదునుగా ఉండదు, లోపలికి గుంటగా ఉంటుంది. ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక వలయం మాత్రమే మంచును తాకుతుంది. 20 కిలోల బరువంతా ఆ సన్నటి అంచు మీదే నిలుస్తుంది. మంచు కూడా అద్దంలా నున్నగా ఉండదు. దాని మీద నీటి తుంపరలు చల్లి, చిన్న చిన్న పొక్కుల్లా గడ్డకట్టనిస్తారు. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లినట్టు, ఆ పొక్కుల కొసల మీద రాయి తేలిపోతుంది.

ఆట సంగతి కూడా చెప్పాలి. జట్టుకు నలుగురు, ఒక్కొక్కరికి రెండు రాళ్ళు. రెండు జట్లవీ కలిపి 16 రాళ్ళు వేస్తే ఒక ఎండ్. ఒలింపిక్స్‌లో 10 ఎండ్లు ఆడతారు. గురిగా గీసిన వలయాల నడిమి బిందువుకు ఎవరి రాయి అన్నిటికన్నా దగ్గరగా ఉంటే ఆ జట్టుకే పాయింట్లు, రెండో జట్టుకు సున్నా. గోలీలాటలో ఎదుటివాడి గోలీని కొట్టి తరిమేసినట్టు ఇక్కడా ఎదుటివాళ్ళ రాయిని కొట్టి బయటికి నెట్టవచ్చు. రాయి సాగుతున్నప్పుడు ఇద్దరు దాని ముందు చీపురు లాంటి బ్రష్‌లతో మంచును గట్టిగా రుద్దుతారు. ఆ రాపిడికి మంచు పైపొర కాస్త వేడెక్కి, రాయి ఇంకొంత దూరం పోతుంది, వంపు తగ్గుతుంది. ఎక్కడ వేయాలో, ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు ఆపాలో అరిచి చెప్పే నాయకుణ్ణి స్కిప్ అంటారు. నార్వే జట్టుకు ఉల్స్‌రుడ్ స్కిప్. చివరి రెండు రాళ్ళూ ఆయనవే. ఎండ్‌లో అందరికన్నా చివరి రాయి చేతిలో ఉండడం గొప్ప లాభం. దానితో ఒక్క పాయింటే వచ్చేలా ఉంటే, ఆ ఎండ్‌ను ఎవరికీ పాయింట్లు లేకుండా ఖాళీగా వదిలేసి, చివరి రాయి హక్కును తర్వాతి ఎండ్‌కు దాచుకుంటారు కూడా. ఈ సంగతి అర్థమైన రోజు నుంచి ఈ ఆట నన్ను వదలలేదు.

ఉల్స్‌రుడ్ పేరు వెతికితే ముందు కనబడేవి ఆయన ప్యాంట్లు. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌కు నార్వే జట్టు ఎరుపు, తెలుపు, నీలం డైమండ్ల డిజైన్ ఉన్న ప్యాంట్లు వేసుకుని దిగింది. అవి గోల్ఫ్ ఆడేవాళ్ళ కోసం ఒక అమెరికన్ కంపెనీ చేసినవి. జట్టులోని క్రిస్టఫర్ స్వే ఇంటర్నెట్‌లో చూసి తెప్పించాడు. అంతవరకు కర్లింగ్ అంటే నల్ల ప్యాంట్లే. ఒక్కసారిగా ప్రపంచమంతా ఆ ప్యాంట్ల గురించే మాట్లాడింది. వాటి పేరుతో పెట్టిన ఫేస్‌బుక్ పేజీని లక్షల మంది మెచ్చుకున్నారు. నార్వే రాజు హరాల్డ్‌కు కూడా ఒక జత ఇచ్చారు. మా అత్తగారికి ఆ ఫొటో చూపిస్తే చాలాసేపు చూసి, "వీళ్ళ ఊళ్ళోనూ జాతర ఉందా నాయనా?" అని అడిగింది.

ఆ మాట నాకు మనసులో నిలిచిపోయింది. తిరుపతి జాతరలో ఒంటికి సుద్ద పూసుకున్నవాళ్ళు, కుంకుమ పూసుకున్నవాళ్ళు, బొగ్గు పూసుకున్నవాళ్ళు, చీర కట్టిన మగవాళ్ళు వీధుల నిండా కనబడతారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆ వేషాన్ని ఫొటో తీసుకుని పోతారు. ఆ వేషం కట్టిన మనిషికి ఒక మొక్కు ఉంటుంది, ఉపవాసం ఉంటుంది, ఇంట్లో ఒక కష్టం గట్టెక్కిన కథ ఉంటుంది. అది ఫొటోలో పడదు. ఉల్స్‌రుడ్ విషయంలోనూ అదే జరిగిందని నా బాధ. ప్యాంట్ల ఫొటో చూసి నవ్వినవాళ్ళలో ఎంతమంది ఆయన వేసిన రాయిని చివరిదాకా చూశారు?

అప్పటికి ఆయన దారి ఎలా సాగిందో చూడండి. 2006 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. 2008లో కాంస్యం. 2009లో మళ్ళీ కాంస్యం. 2010 ఫిబ్రవరిలో వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్‌కు వెళ్ళి కెనడా చేతిలో 6-3తో ఓడి రజతం. ఏప్రిల్‌లో ఇటలీలోని కోర్టినాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగితే అక్కడ కూడా కెనడాయే మొదట, వీళ్ళకు మళ్ళీ రజతం. అదే ఏడాది, ఆ మరుసటి ఏడాది యూరప్ ఛాంపియన్లు అయ్యారు. ప్రపంచ విజేత అనే పేరు మాత్రం రాలేదు. పైగా నార్వేకు ఈ ఆటలో పెద్ద చరిత్ర ఉంది. 1979లో క్రిస్టియన్ సోరమ్ స్కిప్‌గా, 1984, 1988లలో ఐగిల్ రామ్స్‌ఫ్యెల్ స్కిప్‌గా మూడుసార్లు ప్రపంచ విజేతలు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో పోల్ ట్రుల్సెన్ జట్టు కెనడాను 6-5తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ రోజు కెనడా స్కిప్ కెవిన్ మార్టిన్ చివరి రాయి కాస్త వేగం ఎక్కువై, ఆగవలసిన చోట ఆగలేదు. ఎనిమిదేళ్ళు ఆ ఓటమిని మోసిన మార్టిన్, వాంకూవర్‌లో నార్వేనే ఓడించి తన బంగారం తాను తీసుకున్నాడు. ఆ మ్యాచ్‌లో ఎదురుగా నిలబడినవాడు ఉల్స్‌రుడ్. తనకు సంబంధం లేని పాత లెక్కను చెల్లించవలసి వచ్చినవాడు. ఉల్స్‌రుడ్ పక్కనే ఆడిన టోర్గర్ నెర్గోర్, 2002 జట్టులో అదనపు ఆటగాడు. అంటే పక్కనున్న మనిషికి ఒలింపిక్ బంగారం ఉంది, నాయకుడికి లేదు. ఇలాంటి చోట జట్టు ముక్కలు కావడం ఎక్కడైనా చూస్తాం. వీళ్ళు నలుగురూ, ఉల్స్‌రుడ్, నెర్గోర్, స్వే, హోవార్డ్ పీటర్సన్, కలిసే ఉన్నారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి.

2021 నవంబరులో మా జిల్లాలో కురిసిన వానలు అందరికీ గుర్తే ఉంటాయి. తిరుపతి వీధుల్లో వరద పారింది. మా ఫ్యాక్టరీలో ఒక పెద్ద లోడు బయటి దేశానికి పోవలసి ఉంది. స్లాబులో వెంట్రుక లాంటి పగులు ఉందో లేదో చూడడానికి మా దగ్గర పాత పద్ధతి ఒకటి ఉంది. స్లాబును నిలబెట్టి, పై నుంచి కిందికి నీళ్ళు పోసి, చూస్తూ నిలబడాలి. నిగనిగలాడే రాయి మీద నీరు తొందరగా ఆరిపోతుంది. పగులు ఉంటే అది నీటిని పట్టుకుంటుంది. చుట్టూ అంతా ఆరాక అక్కడ మాత్రం ఒక నల్లటి గీత మిగులుతుంది. రెండు మూడు నిమిషాలు కనబడి, తర్వాత అదీ ఆరిపోతుంది. ఆ రెండు మూడు నిమిషాలే నా ఉద్యోగం. వాన రోజుల్లో గాలిలో తేమ వల్ల స్లాబు ఆరదు. ఆరకపోతే గీత కనబడదు. ఆగాలి, ఫ్యాన్లు పెట్టాలి, అవసరమైతే మరునాటికి వాయిదా వేయాలి. నేను ఆగలేదు. లారీలు వాకిట్లో నిలబడి ఉన్నాయి, రోడ్లు మూసేస్తారేమో అన్న భయం ఉంది, వేలితో తట్టి శబ్దం విని సరే అన్నాను. ఫిబ్రవరిలో కబురు వచ్చింది. తొమ్మిది స్లాబుల్లో పగుళ్ళు, లోడంతా తిరస్కరించారు. తప్పు నాది. యజమాని దగ్గరికి వెళ్ళి, వాన రోజున ఆరకముందే సంతకం పెట్టానని నేనే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మరునాటి నుంచి తనిఖీ పని వేరే కుర్రవాడికి ఇచ్చి, నన్ను గోడౌన్ లెక్కలకు మార్చారు.

ఆ నెలలో నేను రాత్రుళ్ళు ఉల్స్‌రుడ్ ఓడిన మ్యాచ్‌లు చూశాను. గెలిచినవి చూడబుద్ధి కాలేదు.

2014 ఫిబ్రవరి, సోచి ఒలింపిక్స్. నార్వే, బ్రిటన్ జట్లు పాయింట్ల పట్టికలో సమానంగా నిలిచాయి. సెమీఫైనల్‌కు ఎవరు వెళ్ళాలో తేల్చడానికి ఒక అదనపు మ్యాచ్. చివరి ఎండ్ మొదలయ్యేసరికి నార్వే ఒక పాయింటు ముందుంది. ఆఖరి రాయి మాత్రం బ్రిటన్ స్కిప్ డేవిడ్ మర్డోక్ చేతిలో ఉంది. అతను ఒక్క పాయింటుతో సమం చేసుకోవడానికి ఒప్పుకోలేదు. రెండు పాయింట్లు తెచ్చే కష్టమైన దెబ్బ కొట్టాడు. రాళ్ళు రాళ్ళను తాకాయి, లెక్క మారిపోయింది, 6-5. ఉల్స్‌రుడ్‌కు ఇక చేయడానికి రాయి లేదు. అక్కడ నిలబడి చూడడం తప్ప. మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది నేను ఆ దెబ్బను కాదు, ఆ తర్వాతి నిమిషాన్ని. ఓడినవాళ్ళు వెళ్ళి గెలిచినవాళ్ళకు చేయి అందించారు. ఈ ఆటలో అదే పద్ధతి. ఇంకొక పద్ధతి కూడా ఉంది. కదులుతున్న రాయికి నీ బ్రష్ తగిలితే ఎవరూ చూడకపోయినా నువ్వే చెప్పాలి. పిల్లలకు ఆట నేర్పే మొదటి రోజే ఇది నేర్పుతారట. సంతకం పెట్టినవాడు తప్పు ఒప్పుకోవడం గురించి మా పనిలో ఎవరూ రాసి పెట్టలేదు. అక్కడ ఆటకే రాసి పెట్టారు.

సోచి ముగిసిన ఆరు వారాలకు బీజింగ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. అవే నాలుగు ముఖాలు. ఉల్స్‌రుడ్‌కు 42 ఏళ్ళు. ఫైనల్లో ఎదురుగా స్వీడన్, స్కిప్ ఆస్కర్ ఎరిక్సన్, ఈయనకన్నా చాలా చిన్నవాడు. నార్వే 8-3తో గెలిచింది. 1988 తర్వాత, అంటే 26 ఏళ్ళకు, ఆ దేశపు పురుషులు ప్రపంచ విజేతలయ్యారు. మూడు కాంస్యాలు, రెండు రజతాలు, ఒక ఒలింపిక్ టైబ్రేకర్ ఓటమి దాటుకుని వచ్చిన బంగారం అది.

ఆ ఫైనల్ రికార్డింగులో ఆయన చేతిని గమనించాను. రాయి వదిలేవాడు ముందు ఒక కాలి ఊతంతో నేలబారుగా జారతాడు. శరీరం అంతా మంచుకు జానెడు ఎత్తులో సాగుతుంది. కుడి చేయి ముందుకు చాచి ఉంటుంది, పిడి మీద వేళ్ళు బిగించినట్టు కనబడవు, ఆనించినట్టు ఉంటాయి. పిడిని ఒక పక్కకు కొద్దిగా తిప్పి పట్టుకుని వస్తాడు. వదిలే ముందు దాన్ని మెల్లగా నిటారుకు తెస్తాడు. ఆ చిన్న తిప్పడంతోనే రాయికి భ్రమణం వస్తుంది. దారి పొడవునా అది తిరిగేది రెండు మూడు చుట్లు మాత్రమే, ఆ కాస్త భ్రమణమే చివర్లో వంపు తెస్తుంది. వేళ్ళు రాయిని నెట్టవు. అప్పటికే రాయి వెళ్తోంది, వేళ్ళు దాన్ని వెళ్ళనిస్తాయి. వదిలిన తర్వాత కూడా ఆ చేయి అలాగే చాచి, రాయి వెనకాలే కొన్ని క్షణాలు జారుతూ వస్తుంది. మా పాలిషింగ్ మేస్త్రికి ఈ ముక్క చూపించాను. నలభై ఏళ్ళు రాతి మీద చేయి పెట్టిన మనిషి. ఆయన వీడియో ఆపమని, మళ్ళీ వేయమని, చివరికి ఒక మాట అన్నాడు. "ఈ అయ్యకు రాయంటే భయం ఉందప్పా. మంచి భయం."

ఆయన ఆ తర్వాత కూడా ఆడాడు. 2015లో కెనడాలోని హాలిఫాక్స్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం, ఈసారి స్వీడన్ గెలిచింది. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కూ వచ్చాడు, పతకం రాలేదు. ఒలింపిక్ బంగారం ఆయనకు ఎన్నటికీ దక్కలేదు. దాన్ని లోటుగా రాసేవాళ్ళతో నేను ఏకీభవించను. 20 కిలోల రాయిని అంత దూరం పంపి, మధ్యలో ముట్టుకోకుండా, అనుకున్న చోట ఆపిన మనిషి లెక్కను ఒక పతకంతో తేల్చడం నాకు న్యాయంగా తోచదు.

2022 మే చివర్లో మా అమ్మాయి తిరుపతి నుంచి ఫోను చేసింది. ముందు ఏమీ చెప్పలేదు. "నాన్నా, తిన్నావా?" అంది. తర్వాత, "ఉల్స్‌రుడ్ పోయాడు నాన్నా" అంది. గోడౌన్‌లో లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఉన్నాను. బయట రంపం తిరుగుతోంది. కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. ఎక్కడో ఆస్లో నగరంలో పుట్టిన మనిషి, నా పేరు కూడా తెలియని మనిషి. అయినా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టే అనిపించింది. ఆ సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్ళి, తనిఖీ పని మళ్ళీ నాకు ఇవ్వమని అడిగాను. మూడు నెలలు చూసి ఇస్తానన్నారు. ఆగస్టులో ఇచ్చారు.

ఆ ఏడాది దీపావళి సెలవుల్లో మేస్త్రి, నేను కలిసి ఒక రాయి చేశాం. కుప్పం గ్రీన్ బ్లాకు కోసినప్పుడు మిగిలిన మందపాటి ముక్క ఒకటి యార్డులో పడి ఉంది. దాన్ని 29 సెంటీమీటర్ల అడ్డకొలతతో గుండ్రంగా కోయించాం. అంచులు ఆయన చేత్తోనే అరగదీశాడు. అడుగున గుంట తొలిచి వలయం దించడానికి రెండు రోజులు పట్టింది. మొదటిసారి ఒక పక్క అర మిల్లీమీటరు ఎక్కువ దిగితే, మొత్తం మళ్ళీ అరగదీశాడు. పిడికి ఒక తలుపు హ్యాండిల్ బిగించాం. నీళ్ళు పోసి ఆరబెట్టి చూశాను. గీత లేదు. తూకం 18 కిలోల 700 గ్రాములు వచ్చింది. పాలిష్ పట్టిన పెద్ద స్లాబును నేల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని వదిలింది. అయిదడుగులు పోయి నిలిచిపోయింది. వంపు తిరగలేదు. మేస్త్రి కిందికి వంగి, రాయి ఆగిన చోట తడి మీద మిగిలిన వలయపు గుర్తును వేలితో చుట్టూ తడిమి చూశాడు. "సమంగా తాకింది" అన్నాడు.

ఇప్పుడు ఆ రాయి మా ఇంటి వసారాలో, తలుపు పక్కన ఉంది. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. సెలవులకు వచ్చినప్పుడు చెప్పులు విడిచి, లోపలికి వచ్చే ముందు వంగి, ఆ పిడిని పట్టుకుని కొద్దిగా తిప్పి, నిటారుకు తెచ్చి వదులుతుంది.